బడిలో పండుగ, ఇంట్లో పద్ధతి: మధ్యలో రెండో తరగతి పిల్ల

దసరా సెలవులిచ్చే ముందు హనుమకొండ చుట్టుపక్కల ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా ఒక పూట పాఠాలుండవు. పిల్లలు పొద్దున్నే కవర్లలో తంగేడు, గునుగు, బంతి పూలు పట్టుకొస్తారు. మేడమ్‌లు పట్టుచీరలు కట్టుకొస్తారు. వరండాలో తాంబాళం పెట్టి, ఆకులు పరిచి, వరుస మీద వరుసగా బతుకమ్మను పేరుస్తారు. పైన పసుపు గౌరమ్మ, పక్కన రెండు అగరొత్తులు. ఆడపిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఆఖరుకు దండం పెట్టి సత్తుపిండి పంచుకుంటారు. ఎవరో ఒక సారు ఫోన్‌లో ఫొటోలు తీసి గ్రూపులో పెడతాడు. మొత్తం గంటన్నర పని, అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు.

ఆ వరుసలో రెండో తరగతి ముస్లిం పిల్ల ఒకతి ఉందనుకోండి. ఆ గంటన్నరలో ఆమె తేల్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. పూలు తేవచ్చా? పేర్చవచ్చా? అందరితో కలిసి ఆడవచ్చా? గౌరమ్మకు చేతులు జోడించాలా? సత్తుపిండి తినాలా, జేబులో పెట్టుకోవాలా? ఇంట్లో ఎవరూ ముందుగా చెప్పలేదు, బడిలో ఎవరూ అడగలేదు. ఏడేళ్ల పిల్ల అక్కడికక్కడే తేల్చుకోవాలి. ప్రాథమిక బడుల్లో మతాచారం గురించి వచ్చే గొడవల్లో అసలు సమస్య ఇదేనని నా అభిప్రాయం. పెద్దవాళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతిని పిల్ల నెత్తిన పెట్టేస్తున్నాం.

బయట చర్చ మాత్రం వేరే చోట నడుస్తుంది. బడి, ముస్లిం పిల్లలు అనగానే అందరికీ హిజాబే గుర్తొస్తుంది. 2022లో కర్ణాటకలో రేగిన ఆ వివాదం ఇంటర్ స్థాయి కాలేజీల్లో మొదలైంది. ఆ ఏడాది మార్చిలో హైకోర్టు తరగతిలో హిజాబ్‌ను ఆపిన ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇవ్వడంతో అది పెద్ద ధర్మాసనం దాకా పోవాల్సి వచ్చింది. అయిదో తరగతి లోపు పిల్లలకు ఆ గొడవతో పెద్దగా పని లేదు. పర్దా అయినా, రంజాన్ ఉపవాసం అయినా, ఇస్లాం ప్రకారం యుక్తవయసు వచ్చాకే విధి అవుతాయి. ఎనిమిదేళ్ల పిల్ల తలకు స్కార్ఫ్ కట్టుకొచ్చిందంటే చాలాసార్లు అమ్మనో అక్కనో చూసి ముచ్చటపడి కట్టుకున్నదే. చిన్న బడిలో చిక్కులు ఎవరూ మతం అని పేరు పెట్టని పనుల్లో వస్తాయి.

ఇంకో సంగతి. ముస్లింలు దీనికి ఒప్పుకుంటారా అని టీచర్లు అడుగుతుంటారు. దానికి ఒక్క జవాబు లేదు. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 2011 లెక్కల ప్రకారం సుమారు 12.7 శాతం. వాళ్లలో నిజామాబాద్, బోధన్, నిర్మల్ లాంటి పట్టణాల్లో ఉర్దూ మాట్లాడుతూ తమ వాడలో తాము ఉండే కుటుంబాలున్నాయి. ఊరికి రెండు మూడు ఇళ్లుగా ఉంటూ తెలుగే ఇంటి భాషగా బతికే దూదేకుల కుటుంబాలూ ఉన్నాయి. పర్వతగిరి మండలం అన్నారం యాకుబ్ షావలి దర్గాకు, కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు గుంపులుగా పోతారు. పీర్ల పండుగ నాడు ఊళ్లో పీరు ఎత్తుకునేది, గుండం చుట్టూ ఆడేది చాలా చోట్ల హిందువులే. ఇదంతా చూసి, ఇక్కడ కలిసిమెలిసి ఉంటారు కదా, బతుకమ్మకు ఇబ్బందేముంది అని కొందరంటారు. కానీ గత ముప్పై నలభై ఏళ్లలో చాలా ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా చదువుకున్న యువకులు, పీర్ల పండుగకే దూరం జరిగారు. దర్గా మొక్కులు, తావీదులు కూడా సరైన ఇస్లాం కాదని నమ్మేవాళ్లు పెరిగారు. తాత పీరును ఎత్తుకున్న ఇంట్లోనే మనవరాలిని ప్రసాదం ముట్టవద్దంటారు. రెండూ ఆ ఇంటి పద్ధతులే. తాత కాలాన్ని చూపించి తండ్రిని మొండివాడు అనడం టీచరు పని కాదు.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదాని కంటే స్పష్టంగా ఉంది. రాజ్యాంగం 28వ అధికరణం మొదటి భాగం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఈ లెక్కలోకే వస్తుంది. మూడో భాగం ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ఎయిడ్ తీసుకునే బడులన్నిటికీ వర్తిస్తుంది, అంటే మన ఊళ్లలోని ప్రైవేటు స్కూళ్లకు కూడా. అక్కడ మతబోధలో పాల్గొనాలని, పూజకు హాజరు కావాలని ఎవరినీ బలవంతం చేయకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులో, సంరక్షకులో ఒప్పుకోవాలి. అడ్డు చెప్పలేదు కదా అని ఊరుకుంటే చాలదు, ఒప్పుకుని ఉండాలి. ఈ తేడా చాలామంది హెడ్‌మాస్టర్లకు తట్టదు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అందరికీ ఇష్టమే అనుకుంటారు. ఊళ్లో రెండే ముస్లిం ఇళ్లున్న చోట ఎవరు నోరు తెరిచి అంటారు?

కోర్టులు మరో రెండు మాటలు చెప్పాయి. కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడం అన్నారు. లేచి గౌరవంగా నిలబడ్డారు, పెదవి మాత్రం కదపలేదు. 1985లో బడి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్న ధర్మాసనం ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. నిలబడటమే గౌరవం, పాడకపోవడం అవమానం కాదని తేల్చింది. ఇక 2002లో అరుణా రాయ్ కేసులో, మతాల గురించి తెలుసుకోవడం వేరు, మతబోధ వేరు అంది. కాబట్టి తెలుగు వాచకంలో రామాయణ కథో, పోతన పద్యమో వచ్చిందని ముస్లిం తండ్రి పిల్లను ఆ పీరియడ్‌కు పంపనంటే ఆ వాదన నిలవదు. అది భాష, సాహిత్యం. పరీక్షలో కూడా వస్తుంది.

చట్టానికి అంతుపట్టనిది సంస్కృతి అన్న చోట. బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. ఉద్యమ కాలంలో అది వీధుల్లోకి వచ్చి తెలంగాణ గుర్తుగా నిలిచింది. కాబట్టి బడిలో బతుకమ్మ పూజ కాదు, సంస్కృతి అని ఒక మాట అనేసి ముందుకు పోతారు. నాకు ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. పసుపు గౌరమ్మను చేస్తున్న ఏ అమ్మనైనా అడగండి, ఇది ఊరికే సంస్కృతేనా అని. ఆమెకు కోపం వస్తుంది. అలాగని బతుకమ్మ మొత్తం పూజ అనడం కూడా సరికాదు. పూలు కోయడంలో, పేర్చడంలో, కష్టసుఖాలు కలిపి పాడే ఉయ్యాల పాటల్లో మతం వెతికితే దొరికేది తక్కువ.

అందుకని ఆ పూటను ముక్కలు చేసి చూడటం మేలు. ఏ పువ్వు ఏ కాలంలో పూస్తుంది, గునుగుకు రంగు ఎలా అద్దుతారు అన్నది పరిసరాల విజ్ఞానం పాఠం. అది అందరికీ. చప్పట్ల ఆట, పాట చాలా ముస్లిం కుటుంబాలకు అభ్యంతరం లేనివి, కొన్నింటికి ఉన్నవి. గౌరమ్మకు దండం, హారతి మాత్రం పూజే. అక్కడ పిల్లను వరుసలో నిలబెట్టడానికి ఇంటివాళ్ల ఒప్పుదల కావాలి. కొన్ని బడుల్లో టీచర్లు ఎవరూ చెప్పకుండానే దీన్ని తెలివిగా సర్దుతారు. ఉదయం పూల పని అందరిచేతా చేయిస్తారు. దండం వేళకు ఇష్టమున్నవాళ్లే వస్తారు. ఫొటోకు అందరూ పూలతో నిలబడతారు. నిజానికి ఈ ఫొటోయే చాలా ఇబ్బందులకు మూలం. కార్యక్రమం జరిగిందని పైకి చూపించాలి కాబట్టి ఒక్కరు కూడా పక్కకు పోకూడదన్న హడావిడి మొదలవుతుంది.

జూన్‌లో బడిబాట అప్పుడు సామూహిక అక్షరాభ్యాసం జరుగుతుంది. కొత్తగా చేరిన పిల్లలను కూర్చోబెట్టి, సరస్వతి పటం ముందు పలక మీదో బియ్యంలోనో మొదటి అక్షరం రాయిస్తారు. నిర్మల్ జిల్లా బాసరకు పోలేని తల్లిదండ్రులకు ఇది పెద్ద సంతోషం. ఇక్కడ తమాషా ఏమిటంటే, దక్కన్ ముస్లింలకు అచ్చం ఇలాంటి వేడుకే ఉంది. పిల్లకో పిల్లాడికో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు కొత్త బట్టలు వేసి, పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టి, బిస్మిల్లా చెప్పించి చదువు మొదలుపెట్టిస్తారు. బంధువులను పిలిచి మిఠాయి పంచుతారు. కాబట్టి ముస్లిం తల్లికి ఆ రోజు ఏం జరుగుతోందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పలక, బలపం, అక్షరం, టీచరు ఒళ్లో పిల్ల, ఇవన్నీ ఆమెకు తెలిసినవే. పటం ముందు రాయాలా అన్నదే సమస్య. పటం ఒక గదిలో, రాయించడం వరండాలో పెట్టుకుంటే చాలు. తల్లి అడిగితే అ పక్కన ఉర్దూ మొదటి అక్షరం అలిఫ్ కూడా రాయించవచ్చు. దీనికి జీవో అక్కర్లేదు.

ప్రైవేటు స్కూళ్లలో కథ కొంచెం వేరు. అక్కడ కృష్ణాష్టమికి చిన్ని కృష్ణుల వేషాలు తప్పనిసరి ఆకర్షణ, అడ్మిషన్లకు అదే ప్రకటన. ఏటా ఎక్కడో ఒక చోట బురఖా వేసుకున్న తల్లి నెమలిపింఛం పెట్టుకున్న కొడుకు చెయ్యి పట్టుకుని నడిచే ఫొటో వైరల్ అవుతుంది. ఇదీ మన దేశం అని అందరూ మెచ్చుకుంటారు. ఆ తల్లి ఇష్టపడి చేసింది, ఆమెను తప్పుపట్టేది ఏమీ లేదు. కానీ ఆ మరుసటి రోజు నుంచి ఆ ఫొటోయే కొలబద్ద అయి కూర్చుంటుంది. వేషం వద్దన్న ఇంకో ముస్లిం తల్లి ఛాందసురాలై పోతుంది. మా వాడికి గాంధీ వేషం వేయిస్తాం అని ఆమె అడిగితే సరేననడానికి స్కూలుకు పైసా ఖర్చు లేదు.

ఇక రంజాన్. దీని చిక్కు సంవత్సరం సంవత్సరం మారుతుంది, అందుకే ఒకసారి చేసిన ఏర్పాటు తర్వాత పనికిరాదు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి రంజాన్ ప్రతి ఏడాదీ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2019లో అది వేసవి సెలవుల్లో పడింది, బడికి తెలియనే లేదు. 2025లో మార్చి అంతా నడిచింది, సరిగ్గా ఏడాది చివరి పాఠాల వేళ. 2030లో ఒకే ఏడాది రెండుసార్లు రంజాన్ మొదలవుతుంది, జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి. చలికాలంలో ఉపవాసం కొంచెం సులువు, పొద్దు చిన్నది, దాహం తక్కువ. కానీ అప్పుడు ఒంటిపూట బడులుండవు. సాయంత్రం దాకా పూర్తి బడి, ఆపైన ఇంటికి ఉరకడం.

పిల్లలకు రోజా, అంటే ఉపవాసం, విధి కాదని పైన అన్నాను. కానీ పిల్లలు ఊరుకోరు. ఇంట్లో అందరూ తెల్లవారకముందు తినే సహరీకి లేస్తే తామూ లేస్తామంటారు. ఏడెనిమిదేళ్ల వయసులో మొదటి రోజాను కుటుంబాలు పండుగలా చేస్తాయి, రోజా కుషాయి అంటారు. మెడలో పూలదండ వేస్తారు, కొత్త బట్టలు కుడతారు. హైదరాబాద్ ఉర్దూ పత్రికల్లో ఆ పిల్లల ఫొటోలు వేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు ఆ పిల్లాడు బడికొస్తే వాడికి అది గొప్ప. టీచరుకు టెన్షన్. పీఈటీ సారు ఎండలో డ్రిల్ చేయిస్తే ఎట్లా? కళ్లు తిరిగితే ఎవరిది పూచీ? కొందరు టీచర్లు ప్రేమతోనే తప్పు చేస్తారు. చిన్నపిల్లవు, ఒక్క గుక్క తాగు, ఎవరికీ చెప్పను అంటారు. పిల్లాడికి అది నీళ్లిచ్చినట్టు ఉండదు, పట్టుబడినట్టు ఉంటుంది. ఆరోగ్యం బాగాలేకపోతే రోజా విడవడానికి ఇస్లాంలోనే వెసులుబాటు ఉంది. ఆ మాట ఇంటి పెద్దతోనో, తెలిసిన మౌల్సాబ్‌తోనో చెప్పిస్తే పిల్లాడు వింటాడు. బడి చేయాల్సింది వాణ్ని నీడలో కూర్చోబెట్టడం, మధ్యాహ్న భోజనం పళ్లెం ముందు నిలబెట్టకపోవడం, నీరసపడితే వెంటనే ఇంటికి ఫోన్ చేయడం. క్లాసులో అందరి ముందూ ఎగతాళి చేస్తే మాత్రం అది 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన మానసిక వేధింపు కిందికి వస్తుంది.

ప్రభుత్వం చేసే ఏర్పాట్లలో ఒక లోటుంది. 2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూ మీడియం బడుల వేళలను పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు కుదించింది. మంచిదే. కానీ ఆ వెసులుబాటు బడి మీడియాన్ని బట్టి వచ్చింది, పిల్లను బట్టి రాలేదు. ములుగు, జనగామ, భూపాలపల్లి పల్లెల్లో ముస్లిం పిల్లలు ఎక్కువగా చదివేది తెలుగు, ఇంగ్లీషు మీడియంలో. వాళ్లకు మార్చి మధ్యలో అందరితో పాటు ఒంటిపూట బడి వచ్చినప్పుడే ఊరట. అలాగని ఇద్దరు పిల్లల కోసం బడి వేళ మార్చమనను. ఆ నెల ఆటల పీరియడ్ పొద్దుటికి మార్చడం, సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టకపోవడం హెడ్‌మాస్టర్ చేతిలోనే ఉన్నాయి.

సెలవుల సంగతిలో మాత్రం మన దగ్గర సర్దుబాటు బాగానే నడుస్తుంది. 2023లో మిలాద్ ఉన్ నబీ, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. హైదరాబాద్‌లో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు, ప్రభుత్వం మిలాద్ సెలవును 29కి మార్చింది. ముందుగా కూర్చుని మాట్లాడుకున్నారు కాబట్టే అయింది.

మిగతావి చిన్నవి, చాలావరకు ఒక్క మాటతో తీరేవి. అతిథులకు బొట్టు పెట్టి ఆహ్వానించే పని ముస్లిం పిల్లకు అప్పజెప్పకండి, పూలగుత్తి ఇవ్వమనండి. ఈద్ తర్వాత గోరింటాకు చేతులతో వచ్చిన పిల్లకు ఫైన్ వేసే స్కూళ్లున్నాయి. పెళ్లి నుంచి వచ్చిన పిల్లకూ వేస్తే కనీసం సమానంగా వేసినట్టు. ఫ్రాకు కింద లెగ్గింగ్ వేసుకుంటే యూనిఫాం చెడదు. ఖత్నా, అంటే సున్తీ, మన ఊళ్లలో ఒడుగులు అనేది, అయ్యాక పిల్లాడు కొన్నాళ్లు బడికి రాడు. వచ్చాక కారణం అందరి ముందు అడగకండి, క్లాసు నవ్వుతుంది. ప్రసాదం విషయంలో ముస్లిం పిల్లలకు దేవుడి ముందు పెట్టని లడ్డూలు కొన్ని పక్కన ఉంచితే సరిపోతుంది. శుక్రవారం నమాజు చిన్నపిల్లలకు విధి కాదు కాబట్టి ప్రాథమిక బడిలో అది పెద్ద విషయం కాదు, తండ్రి తీసుకెళ్తానంటే భోజన విరామం చాలు. నిజాం రాజ్యంలో వారం సెలవే శుక్రవారం ఉండేది. అప్పుడు సర్దుకున్నది మిగతావాళ్లు.

ఆ కాలం మాట వచ్చింది కాబట్టి వందేమాతరం గురించి ఒకటి. 1938లో నిజాం ప్రభుత్వం విద్యార్థులు ఆ పాట పాడటాన్ని నిషేధించింది. పాడినందుకు చదువు నుంచి తీసేసిన వాళ్లలో వరంగల్‌లో ఇంటర్ చదువుతున్న పి.వి. నరసింహారావు ఒకరు. తర్వాత నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. అంతకు ముందు ఏడాదే కాంగ్రెస్, తర్వాతి చరణాల్లో దుర్గ ప్రస్తావన ముస్లింలకు ఇబ్బంది అని, మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. పాడినవాళ్లను తీసేసిన ఊళ్లో పాడనివాళ్లను నిలదీయడం నాకు మింగుడుపడదు. లేచి నిలబడిన పిల్లను వదిలేయండి. సుప్రీంకోర్టు చెప్పిందీ అదే దారి.

ఇదంతా ముస్లిం పిల్లల సమస్య అనుకుంటే సగమే చూసినట్టు. కాజీపేట, కరీంనగర్, నిజామాబాద్‌లలో మిషనరీ స్కూళ్లున్నాయి. అక్కడ హిందూ, ముస్లిం పిల్లలు ఏళ్ల తరబడి చేతులు కట్టుకుని క్రైస్తవ ప్రార్థన చేశారు. ఇంగ్లీషు వస్తుందని ఎవరూ అడగలేదు. 2016లో మొదలై ఇప్పుడు 204కు చేరిన మైనారిటీ గురుకులాల్లో నాలుగో వంతు సీట్లు మైనారిటీలు కాని పిల్లలకే. అక్కడ రంజాన్ నెలలో హిందూ పిల్లకు మధ్యాహ్నం అన్నం వేళకు దొరుకుతుందా అన్నది కూడా ఇదే ప్రశ్న. 28వ అధికరణం అందరికీ ఒక్కటే.

టీచర్ల కష్టం కూడా ఉంది. ఒక పిల్లను హారతి వేళ పక్కన కూర్చోబెడితే, మా పండుగను వాళ్ల కోసం తగ్గిస్తున్నారని ఊళ్లో ఒకరు అంటారు. కూర్చోబెట్టకపోతే, మా పిల్లతో పూజ చేయించారని ఇంకొకరు వీడియో పెడతారు. రెండు వైపులా గ్రూపులు కాచుకుని ఉంటాయి. అలాంటప్పుడు టీచరును కాపాడేది ముందుగా రాసిపెట్టుకున్న కాగితం. అడ్మిషన్ ఫారంలో మతం గడి ఉంది, కులం గడి ఉంది. పూజకు కూర్చోబెట్టవచ్చా, ప్రసాదం పెట్టవచ్చా, రంజాన్‌లో ఫోన్ ఎవరికి చేయాలి అనే మూడు గీతలు జూన్‌లోనే అన్ని మతాల పిల్లలకూ పెట్టుకుంటే ఏడాది పొడుగునా ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ముస్లింలకు మాత్రమే పెడితే మాత్రం అది ఇంకో రకం వేలెత్తి చూపడం అవుతుంది.

ఈ కాగితం కూడా తేల్చలేనిది ఒకటుంది. తండ్రి వద్దన్నాడు, పిల్లకు మాత్రం ఆడాలని ఉంది. మూడో తరగతి పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్లు ఆడిస్తూ, తన దోస్తులు తిరిగే గుండ్రాన్నే చూస్తుంటుంది. రాజ్యాంగం ఒప్పుదల సంరక్షకుడి చేతిలో పెట్టింది, పిల్ల ఇష్టాన్ని అడగలేదు. నా మటుకు నాకు తోచేది ఇది. టీచరు ఆమెను చెయ్యి పట్టి లాగకూడదు, తండ్రి చెప్పింది పూజ గురించైతే ఆ గీత దాటించకూడదు. కానీ ఆ పిల్ల తనంతట తానే లేచి వెళ్లి నాలుగు చప్పట్లు కొట్టి వస్తే, వెనక్కి లాక్కొచ్చే కాపలా ఉద్యోగం కూడా టీచరుది కాదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిన పని లేదు, ఫొటో తీసి గ్రూపులో పెట్టాల్సిన పని అంతకన్నా లేదు.